మూడో నంబరు సీసా

మొన్న ఆదివారం కడపలో మాంసం కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. మావారికి తలకాయ కూర మీద మనసు పోయింది. కొట్టతను తలకాయను మొద్దు మీద పెట్టి, "చెవులు ఉంచల్నా, తీసేయల్నా మేడమ్?" అని అడిగాడు.

"ఎడమ చెవికి గాటుంది, అది వద్దు" అన్నాను, నా ప్రమేయం లేకుండానే.

అతను ఆ చెవిని పైకెత్తి ఎండకు పెట్టి చూసి, "ఇంత సన్న గాటు మీకెట్ల అగపడెనో!" అని ఆశ్చర్యపోయాడు. మావారు నన్ను ఎగాదిగా చూశారు. నాకు నవ్వు ఆగలేదు. మేక చెవిని అలా చూడటం నాకు నేర్పినాయన పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు మరి.

ఆయన మా సార్. పోయి మూడేళ్లవుతోంది. కబురు తెలిసిన రోజు ఏడ్చాను గానీ, ఆ తర్వాత ఎప్పుడు తలుచుకున్నా నవ్వే వస్తుంది.

కర్నూలు పాత ఊళ్లో మూడు తరాలుగా కిరాణా అంగడి నడిపే ఇంట్లో పుట్టారాయన. అంగడిని తమ్ముడికి వదిలేసి, నంద్యాల పోయే దారిలో ఉన్న మా ఫార్మసీ కాలేజీకి పాఠం చెప్పడానికి వచ్చారు. నేను ఎం.ఫార్మసీ చదివేటప్పుడు ఆయనే నాకు గైడు. అప్పటికి నలభై అయిదు దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు మాకెవరికీ లేదు. ఇంట్లో ఆయనా, వాళ్లమ్మా, అంతే.

పొట్టి మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా, నుదుట సన్నని కుంకుమ బొట్టు. ఏది చేతికొచ్చినా కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పెట్టి చూసేవారు. పరీక్షనాళిక అయినా, మా జవాబు పత్రమైనా, క్యాంటీన్లో ఇచ్చిన టీ గ్లాసైనా అంతే. ఒకసారి కాలేజీ వార్షికోత్సవంలో ఆయనకు శాలువా కప్పితే, వేదిక మీదే దాన్ని విప్పి లైటుకు పెట్టి చూసి, "చిల్లు ఒక్కటీ ల్యా, మంచిదే" అన్నారు. అది మైకులో అందరికీ వినపడింది. శాలువా కప్పిన పెద్దమనిషి ముఖం చూడాలి!

మిగతా లెక్చరర్లు ఇంగ్లీషులో నోట్సు చెప్పేవాళ్లు. సార్ మాత్రం అచ్చ కర్నూలు తెలుగులోనే చెప్పేవారు. మొదటి రోజు క్లాసులో చర్మం గురించి మొదలుపెట్టారు.

"ఆత్మకూరు బస్సు ఎక్కినారా ఎవురన్నా?" అని అడిగారు. మాది ఆత్మకూరే. నేను చెయ్యెత్తాను.

"సంతరోజు ఆ బస్సులో కాలు పెట్టే సందు ఉంటాదామ్మా?"

"ఉండదు సార్."

"లావుపాటి ఆయప్ప ఒకడు వాకిట్లో ఎక్కి వెనక సీటు దాకా పోవల్లంటే పోగలడా? పోలేడు. కండక్టరు మాత్రం ఎట్ల పోతాండాడు? ఈడ ఒంగి, ఆడ ఒదిగి, సంచి చంకలో పెట్టుకోని, సన్నగా సందుల్లో దూరి వెనక్కి పోయి టికెట్లు కొట్టి వస్తాండాడా లేదా? మన చర్మం ఆ బస్సు. మందు ఆ సంచి. మనం చేయాల్సింది కండక్టర్ను."

క్లాసంతా నవ్వింది. రెండేళ్ల నా చదువంతా ఆ కండక్టర్ను తయారు చేయడమే. సోయా నుంచి తీసిన లెసిథిన్ అనే జిడ్డు పదార్థాన్ని ఆల్కహాల్లో కరిగించి, గిరగిరా తిప్పుతూ నీళ్లు సన్నధారగా పోస్తే, కంటికి కనపడనంత చిన్న తిత్తులు ఏర్పడతాయి. వాటి లోపల మందు దాక్కుంటుంది. మెత్తగా ఉంటాయి కాబట్టి ఆ తిత్తులు చర్మం పైపొరలోని సందుల్లో ఒదిగి లోపలికి దిగుతాయని మా ఆశ. కీళ్లనొప్పుల మందును ఈ తిత్తుల్లో పెట్టి జెల్ చేయడం నా ప్రాజెక్టు. ఆ మందును మాత్రగా మింగితే చాలామందికి కడుపులో మంట, పుండ్లు. సార్ వాళ్లమ్మకూ అదే బాధ. రెండు మోకాళ్లూ వాచి ఉండేవి. మాత్ర వేసుకుంటే అన్నం తినలేదు, వేసుకోకపోతే నడవలేదు.

మందు చర్మంలోంచి దిగుతోందా లేదా అని చూడాలంటే చర్మం కావాలి. దానికి మేక చెవి తోలు వాడేవాళ్లం. రెండు గాజు గిన్నెల మధ్య తోలును బిగించి, పైన జెల్ పూసి, కింద గోరువెచ్చని ద్రవం పెట్టి, గంటగంటకూ ఆ ద్రవంలోకి ఎంత మందు దిగిందో కొలిచేవాళ్లం.

చెవులు తేవడం సార్ పని. "ఆడపిల్లవు, పొద్దున్నే నువ్వు యాడ పోతావులే" అని ప్రతి గురువారం తానే పోయేవారు. నేనొకసారి వెంట వెళ్లాను. కటికంగడి ముందు సార్ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు. ముక్కుకు కర్చీఫు. ఒక చేత్తో స్టీలు డబ్బాను వీపు వెనక్కి చాచారు. అంగడి భాయ్‌కి ఇదంతా మామూలే.

"సార్, ఈ దినం ఫస్టుక్లాసు చెవులుండాయి. ఒకసారి ఇట్ల తిరిగి చూస్తారా?"

"నువ్వు చూసినావు గదా భాయ్, చాలు."

"గాట్లు లేవు సార్, అల్లా కసమ్."

"వెలుతురుకు పెట్టి చూసినావా?"

"మీరు నేర్పినంక పెట్టకుండా ఎట్ల సార్!" అని భాయ్ చెవులను ఎండకు ఎత్తి ఒక్కొక్కటే చూపించాడు. సార్ మాత్రం రోడ్డు మీద పోయే ఆటోలనే చూస్తూ తలూపారు. ల్యాబులోకి వచ్చాక అవే చెవులను ఏ జంకూ లేకుండా చేత్తో పట్టుకుని, కొవ్వు గీకి, బొచ్చు తీసేవారు. ల్యాబులో అది చర్మం, అంగడిలో అది మాంసం. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో ఆయనకే తెలియాలి.

వాళ్ల వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దాయన పనిగట్టుకుని ఇంటికొచ్చి వాళ్లమ్మతో, "మీవాడు గురువారం గురువారం కటికంగడి కాడ అగపడతాండాడు, చూసుకోమ్మా" అన్నాడట. ఆవిడ మోకాళ్లు పట్టుకునే లేచి, "వాడు తినేదానికి పోలేదప్పా. మేక చెవులకు మందు పూసేదానికి పోయినాడు" అని చెప్పింది. ఆ జవాబుతో ఆయన ఇంకా కంగారుపడి వెళ్లిపోయాడని సార్ చెప్పి చెప్పి నవ్వేవారు.

సార్ నోట రోజుకు పదిసార్లు వినే మాట ఒకటుండేది. "చూసినావా, అనుకున్నావా?" కరిగింది సార్ అంటే, "చూసినావా, అనుకున్నావా?" నీళ్లు మరిగాయి సార్ అన్నా అదే. ప్రిన్సిపాల్ గారు గదిలో లేరని ప్యూన్ చెప్పినా అదే. సీసాల మీద మందు పేరు రాయనిచ్చేవారు కాదు. అంకెలే వేయాలి. ఏ అంకె ఏ మందో నా నోట్‌బుక్కులో ఉండాలి, అది నా బీరువాలో ఉండాలి. "పేరు తెలిస్తే కన్ను మోసం చేస్తాది" అనేవారు.

రెండు వేల ఏడు ఎండాకాలం. నా ప్రాజెక్టు చివరికొచ్చింది. నా తిత్తుల జెల్ మామూలు జెల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మందును దించింది. గ్రాఫు మీద నా గీత కొండెక్కినట్టు పైకి పోయింది. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. జూన్‌లో చేరాలి. ఆత్మకూరులో మా నాయన అప్పటికే బంధువులందరికీ చెప్పేశాడు.

అంతలో కాలేజీ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. వారం దాకా కరెంటు రాదన్నారు. బయట నలభై నాలుగు డిగ్రీలు. ఆ వేడికి తిత్తులు చితికిపోతాయి. సార్ నా సీసాలను టిఫిన్ క్యారియర్లో ఐసు ముక్కల మధ్య పేర్చుకుని, స్కూటరు మీద వాళ్లింటికి తీసుకుపోయి ఫ్రిజ్‌లో పెట్టారు.

రెండో రోజు పొద్దున సార్ ల్యాబులోకి వచ్చిన తీరు చూసి భయపడ్డాను. బొట్టు లేదు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నారు.

"మా యమ్మ పూసుకునిందమ్మా" అన్నారు.

"ఏం పూసుకున్నారు సార్?"

"మన జెల్. మూడో నంబరు సీసా. పెరుగు కోసమని ఫ్రిజ్ తెరిచి, నొప్పుల మందు ఇదేలే అని రెండు మోకాళ్లకూ పట్టించింది."

ఆ జెల్‌ను మనుషుల మీద వాడటానికి మాకు ఏ అనుమతీ లేదు. వాళ్లమ్మ అంతకుముందే రెండుసార్లు అడిగితే సార్ ససేమిరా అన్నారు. మేక తోలు మీద చూసింది మనిషికి పూయడానికి చాలదని ఆవిడకు గంటసేపు పాఠం కూడా చెప్పారట.

"బొబ్బలేమైనా వచ్చాయా సార్?" అన్నాను.

"రాలేదు. నొప్పి తగ్గిందంటాంది" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో భయంతోపాటు ఇంకేదో కూడా కనిపించింది.

మూడో నంబరు ఏమిటో బుక్కులో చూడబోతే, "ఇప్పుడొద్దమ్మా, తెలిస్తే నా కన్ను మోసం చేస్తాది" అని ఆపారు. సార్ సీసాలను పైఅరకు మార్చారు, ఆవిడ చెయ్యి అందకుండా. ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాళ్లమ్మ ముందు కింద కూర్చుని మోకాళ్లను భూతద్దం పెట్టి చూసేవారు. ఎరుపు ఉందా, దురద ఉందా అని వేలితో నొక్కి అడిగి, టేపుతో వాపు కొలిచి కాగితం మీద రాసుకునేవారు. మర్నాడు ల్యాబుకు వచ్చి నాకు చెప్పేవారు.

"నిన్న వాకిలి దాకా నడిచిందమ్మా."

మర్నాడు: "ఈ పొద్దు తులసికోట చుట్టూ తిరిగింది. శానా బాగుండాదంటాంది."

నేను గాల్లో తేలిపోయాను. నా తిత్తులు నిజం మనిషి మోకాల్లోకి దిగి పనిచేస్తున్నాయి! పైకి చెప్పకపోయినా సార్‌కీ ఆశ పుట్టింది. నాలుగో రోజు ఆయన కూనిరాగం తీయడం విన్నాను. రెండేళ్లలో అదే మొదటిసారి.

శనివారం కరెంటు వచ్చింది. సార్ సీసాలన్నీ తెచ్చి బల్ల మీద పేర్చారు.

"బుక్కు తియ్యమ్మా. మూడో నంబరు ఏందో చూడు."

బీరువా తెరిచి నోట్‌బుక్కు తీశాను. పేజీ తిప్పాను. మళ్లీ చూశాను.

"ఏందమ్మా?"

"ఖాళీది సార్."

"అంటే?"

"దాంట్లో మందు కలపలేదు సార్. పోల్చి చూడటానికి పెట్టుకున్న ఉత్త జెల్."

సార్ నోట్‌బుక్కు తీసుకుని కిటికీ దగ్గరికి పోయారు. వెలుతురుకు పెట్టి చూశారు, అంకె మారుతుందేమో అన్నట్టు. ఆ తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. కళ్లల్లో నీళ్లు కారేదాకా, స్టూలు మీద కూలబడేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి ఆయన నవ్వు ఆపినప్పుడు కూడా నేను నవ్వుతూనే ఉన్నాను.

"మా యమ్మ అబద్ధం చెప్పల్యా" అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "నేను కొలిచినప్పుడు వాపు తగ్గిందనే రాసుకున్న్యా. ఆ టేపు ఎంత బిగించినానో నాకే తెలీదు. తగ్గల్లని ఇద్దరం అనుకున్న్యాం, తగ్గింది." నోట్‌బుక్కు మూసి నా చేతికిచ్చారు. "నీ గ్రాఫు తీసుకురామ్మా."

నా నవ్వు ఆగిపోయింది.

కొండెక్కిన గీతను చాలాసేపు చూశారు. "మొదటి గంటలోనే ఇంత మందు యాడనుంచి దిగింది? కండక్టరైనా బస్సు ఎక్కేదానికి టైము పడతాది గదా. ఆ దినం వాడిన తోళ్లు యాడుండాయి?"

వాడిన ప్రతి తోలునూ ఫార్మలిన్ సీసాలో దాచడం ఆయన పెట్టిన నియమం. ఆ మూడు ముక్కలనూ తీశారు. ఒక్కొక్కదాని కింద తెల్లకాగితం పెట్టి, పైన పెన్నుతో నీలం సిరా చుక్క వేశారు. రెండు కాగితాలు తెల్లగానే ఉన్నాయి. మూడోదాని మీద సన్నని నీలం గీత తేలింది. గోరంత పొడవు కూడా లేదు. రేజరు గాటు. బొచ్చు తీసేటప్పుడు పడింది. నేను సగటు లెక్కకు తీసుకున్న మూడింట్లో ఆ ఒక్కటే నా గీతను కొండెక్కించింది.

"ఇది నువ్వు బిగించేటప్పుడు అగపడల్యా?"

అబద్ధం చెప్పొచ్చు. చూడలేదు సార్ అంటే నమ్మేవారు. ఆ రోజు బొచ్చు తీసింది నేనే. కొత్త బ్లేడు, ఊరికి పోయే బస్సు తొందర, అన్నీ గుర్తున్నాయి. తోలు మీద నల్లగా ఒక గీతను చూసిన సంగతీ గుర్తుంది.

"చూశాను సార్" అన్నాను. "వెంట్రుక అనుకున్నాను."

తిడతారని తల వంచుకున్నాను. సార్ తిట్టలేదు. "నేనూ మా యమ్మ మోకాలు అట్లనే చూసినాలే" అన్నారు. "మళ్ల చేద్దాం."

"సార్, జూన్‌లో ఉద్యోగం..."

"తెలుసు."

"మూడు వారాలు పడుతుంది సార్."

"నాలుగు పడతాది. ఈసారి రేజరు వద్దు, కత్తెర."

ఆ సాయంత్రం హాస్టల్లో ఆయన్ను తిట్టని తిట్టు లేదు. మా నాయన ఫోన్లో, "ఉన్నదాన్ని మళ్ల చేసేదేందమ్మా? ఆ సారుకు పని ల్యాదా?" అని కేకలేశాడు. కంపెనీకి గడువు అడుగుతూ ఉత్తరం రాశాను. సార్ కూడా విడిగా ఒకటి రాశారు. రెండింటికీ జవాబు రాలేదు. జూన్ రెండో వారంలో ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేశారని తెలిసింది.

ఆ కబురు తెలిసిన రోజు నేను ల్యాబుకు పోలేదు. మర్నాడు పోయేసరికి సార్ ఒంటరిగా కూర్చుని చిన్న కత్తెరతో మేక చెవి బొచ్చు కత్తిరిస్తున్నారు, మంగలి కన్నా ఓపికగా. పక్కన కాగితంలో పొట్లం కట్టిన బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు.

"తిను ముందు" అన్నారు తలెత్తకుండా. "నీ ఉద్యోగం పోయిందానికి నేనే కారణం. కాదని అననులే. కానీ ఆ గీత పెట్టుకోని పోయింటే, రేపు ఎవురో ఇంకో పాప దాన్ని నమ్మి రెండేండ్లు పని చేసింటాది. ఆ పాప ఎవురో నాకు తెలీదు. ఆయమ్మ మొగం చూసే ధైర్యం నాకు ల్యా."

ఉగ్గాని తిన్నాను. తిని, చేతులు కడుక్కుని, రెండో కత్తెర తీసుకున్నాను.

కొత్త ఫలితం వచ్చింది. నా జెల్ మామూలు జెల్ కన్నా మేలే, కానీ కొండలూ గుట్టలూ ఏమీ లేవు. మెల్లగా, నిదానంగా పైకి పోయే గీత. సార్ పట్టుబట్టి పాత గ్రాఫును కూడా థీసిస్‌లో పెట్టించారు, అది ఎందుకు తప్పో రాయించి, నీలం గీత పడిన కాగితం ఫొటోతో సహా. వైవాకు బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఈ తప్పు మీరే కనుక్కున్నారా?"

"కాదండీ. మా సార్ వాళ్ల అమ్మగారు" అన్నాను.

సార్ దగ్గారు. పరీక్షాధికారి కథంతా చెప్పించుకుని పడీ పడీ నవ్వాడు. తర్వాత ఆ పేజీని ఇంకోసారి చదువుకుని, వేరే ప్రశ్న అడగకుండా సంతకం పెట్టాడు. రెండు నెలలకు నాకు కడపలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. ఇప్పటికీ అదే పని.

వైవా అయిన మర్నాడు సెలవు తీసుకుందామని సార్ వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ మంచం మీద కూర్చుని ఉంది. వక్కాకు నములుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సార్ లోపల కాఫీ కలుపుతుండగా గొంతు తగ్గించి, "పాపా, ఆ సీసా ఇంగొకటి ఇయ్యవా?" అంది.

"అవ్వా, దాంట్లో మందు లేదు. సార్ మీకు చెప్పలేదా?"

"చెప్పినాడు. నూరుసార్లు చెప్పినాడు."

"మరి?"

"మందు సంగతి నాకేం తెల్సు పాపా. అది పూసుకుంటే మావాడు పొద్దున సాయంత్రం నా ముందర కింద కూర్చోని, కాలు ఒళ్లో పెట్టుకోని, ఈడ నొప్పా అమా, ఆడ నొప్పా అమా అని అడిగినాడు. ఇరవై ఏండ్లు ఆ కాలేజీ, ఆ సీసాలు. ఈ ఇంట్లో నన్ను అంతసేపు చూసింది ఆ వారమే. మళ్ల పూసుకుంటే మళ్ల చూస్తాడని."

కాఫీ గ్లాసులతో సార్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో మేమిద్దరం చూడలేదు. గ్లాసులను కిటికీ గట్టు మీద పెట్టారు. వచ్చి మంచం ముందు కింద కూర్చున్నారు. భూతద్దం లేదు, టేపు లేదు, కాగితం లేదు. వాళ్లమ్మ కుడికాలు మెల్లగా ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు.

"యాడ నొప్పి అమా?"

"ఈ పక్క" అంది ఆవిడ. కాస్త ఆలోచించి, "ఆ పక్కన కూడా కొంచెం ఉండాదిలే" అని రెండో కాలూ చాపింది.

నేను నా కాఫీ తీసుకుని తాగాను. వెళ్లొస్తానని రెండుసార్లు చెప్పాను. ఇద్దరిలో ఒక్కరూ వినిపించుకోలేదు.